రాజమహేంద్రవరములో అద్దె కాపురములు

మన గోదావరి సీమ పల్లెలలో అద్దె యిల్లు అను మాటకు గౌరవము తక్కువ. "ఊరిలో మండువా లోగిలి పెట్టుకొని పట్నములో అద్దె కొంపలో పడియున్నాడు పాపము" అని రచ్చబండ మీద పెద్దలు జాలిపడుట నేను చిన్ననాటినుండి వినుచున్నాను. కుమారుడు రాజమహేంద్రవరములో కొలువు కుదిరి, దానవాయిపేటలో మూడవ అంతస్తున ఫ్లాటొకటి అద్దెకు తీసికొనెనని తెలియగానే తండ్రికి కలుగు మొదటి చింత "నెలనెల అంత సొమ్ము గాలికి పోవుచున్నదే" యని. భూమిని నమ్ముకొని బ్రతికినవారికి ఇది సహజమైన చింతయే. తనది కాని గోడకు సొమ్ము చెల్లించుట ఇసుకలో నీరు పోసినట్లు తోచును.

ఈనాటి ప్రసంగములో ఆ చింతనే చేపట్టి, మన పట్టణములో అద్దె కాపురము ఎట్లు పుట్టినదో, ఎవరికి ఏమి మేలు చేసినదో, ఎవరికి తలుపు మూసినదో కొంత చెప్పదలచినాను. నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడుగా పాఠశాలలలో పని చేసి, ఆ కాలమంతయు అద్దె యిండ్లలోనే గడపినవాడను. కావున ఈ విషయము నాకు పుస్తకములలో చదివినది మాత్రమే కాదు.

ముందుగా మాట సంగతి. కోస్తా జిల్లాలలో మనము అద్దె యందుము. రాయలసీమలో బాడుగ యందురు. తెలంగాణమున కిరాయి యందురు. బాడుగ యనునది సంస్కృతమందలి భాటక శబ్దమునకు తద్భవము. కిరాయి యనునది అరబ్బీనుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. మూడు సీమలవారు ఒక వ్యవహారమునకు మూడు పేళ్ళు పెట్టుకొనిరన్నచో అది నిన్నమొన్నటి యేర్పాటు కాదు.

1909లో శ్యామశాస్త్రిగారు మైసూరులో అచ్చు వేయించిన కౌటిలీయార్థశాస్త్రమును చూచినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. అందు ఇంటి అద్దెకు అవక్రయమని పేరు. ఖాళీ చేయుమన్నను చేయక కూర్చుండినవానికి 12 పణముల దండన. అద్దె చెల్లించుచున్నవానిని వెళ్ళగొట్టిన యజమానునికిని అదే దండన. దుర్భాష, దొంగతనము, దౌర్జన్యము మొదలైన తప్పులు చేసినవానిని మాత్రము వెళ్ళగొట్టవచ్చును. ఏడాది మధ్యలో తనంత తాను లేచిపోవువాడు మిగిలిన యేటి అద్దెను చెల్లింపవలెను. త్రాసు రెండు ప్రక్కల సమానముగా నున్నది చూడుడు. ఇంటివానికెంత హక్కో, అద్దెకున్నవానికిని అంత రక్షణ. నేటి న్యాయస్థానములలో నలుగుచున్న తగవులన్నియు దాదాపు ఈ రెండు మూడు వాక్యములలో ఇమిడియున్నవి.

ఇక మన పట్టణము. రాజమహేంద్రవరము 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రునకు రాజధాని. నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడిన చోటు. ఆ కాలమున రాజు కవికి అగ్రహారమిచ్చును, భటునికి మాన్యమిచ్చును. పట్టణమున నిలుచువాడు ఏదో యొక విధమున రాజుగారి నేలపై హక్కు పొంది నిలుచును. నెలజీతము పుచ్చుకొని, నెల అద్దె చెల్లించి, బదిలీ కాగానే పెట్టె బేడ సర్దుకొని పోవు సంసారి ఈ ఊరిలో విరివిగా కనబడుట ఆంగ్లేయ దొరతనపు కాలముననే. అందుకు కారణములు ముఖ్యముగా మూడు: నీరు, చదువు, రైలు.

మొదటిది నీరు. 1833నాటి నందన కఱవు మన సీమను ఎట్లు మాడ్చినదో మీ తాతముత్తాతలు చెప్పగా వినియుందురు. పిమ్మట కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట మొదలిడి 1852 నాటికి ముగించెను. కాలువలు పాఱినవి, మాగాణి పండినది. ధాన్యము అమ్మిన రైతు చేతిలో రొక్కము నిలిచినది. రొక్కము నిలిచినచోట రెండు పనులు తప్పవు. ఒకటి పిల్లవానిని చదివించుట, రెండవది పొలము గట్టు తగవునకు వకీలును పెట్టుకొనుట. ఆ రెండు పనులకును రాజమహేంద్రవరమే దిక్కయ్యెను. పంటను మోయుటకు ఏర్పడిన కాలువలే మనుష్యులను మోసినవి. పడవలో ధవళేశ్వరము లాకులవఱకు వచ్చి, అచ్చటినుండి బండి మీదనో కాలినడకనో ఊరిలోనికి వచ్చుచుండిరి. లంక గ్రామములవారు నేరుగా పడవలలో రేవునకే చేరుచుండిరి.

రెండవది చదువు. 1853లో ఇచ్చట జిల్లా పాఠశాల ఏర్పడెను. అది 1873లో కళాశాలయయ్యెను. గురువులను తయారుచేయు ట్రెయినింగు కళాశాలయు పిమ్మట వచ్చెను. అమలాపురమునుండి, నరసాపురమునుండి, భీమవరమునుండి పిల్లలు రాసాగిరి. వారిలో కొందఱు వారములు చెప్పుకొని ఇంటికొక పూట భుజించువారు. కొందఱు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొని, ఊరినుండి వచ్చిన బియ్యపు బస్తాతో స్వయంపాకము చేసికొనువారు.

మూడవది రైలు. గోదావరిపై 56 ఖానాల వంతెన 1900లో తెఱవబడెను. దానినే మనము హావలాకు వంతెన యందుము. అది 1997వఱకు పని చేసి విశ్రమించినది. ఆ వంతెన కట్టిన తరువాత చెన్నపురినుండి కలకత్తా పోవు దారిలో మన ఊరు ఒక మజిలీ యయ్యెను. గుమాస్తాలు, వైద్యులు, వర్తకులు, రైలు ఉద్యోగులు వచ్చిరి. వచ్చినవారందఱికి స్వగృహములెక్కడివి? పాత యిండ్లవారు తమ లోగిలిని వాటాలుగా విభజింపసాగిరి. ముందొక వసారా, నడుమ గది, వెనుక వంటయిల్లు, ఇది యొక వాటా. నూయి ఉమ్మడి, పెరడు ఉమ్మడి, వీథి అరుగు ఉమ్మడి. అద్దెకు వచ్చువానిని ఇల్లాలు అడుగు మొదటి ప్రశ్న "ఎందఱు మనుష్యులు?" అని. నూతిలోని నీటికిని ఇంటిలోని తలలకును లెక్క సరిపోవలెను గదా.

ఇట్టి ఇఱుకు వాటాలలో జనులు ఏల నిలిచిరి? దీనికి సమాధానము గోడలలో లేదు, గుమ్మము దాటిన తరువాత ఉన్నది. నేను ఇన్నీసుపేటలో ఒక వాటాలో కొన్ని సంవత్సరములు కాపురముంటిని. ప్రొద్దున గోదావరికి స్నానమునకు నడచి పోవచ్చును. వచ్చు దారిలో కూరలు కొనవచ్చును. కోటగుమ్మము, మెయిన్ రోడ్డు, మార్కండేయస్వామి గుడి, గౌతమీ గ్రంథాలయము, బడి, ఆసుపత్రి, బట్టల దుకాణములు, గోదావరి స్టేషను, అన్నిటికిని కాళ్ళే వాహనము. ఒక గదికి అద్దె చెల్లించి నేను ఊరంతటిని అనుభవించితిని. కుర్రవాడు పుస్తకము కావలెనన్నచో ఎవరినో బ్రతిమాలి బండి కట్టించుకొని పోనక్కఱలేదు. సాయంకాలము పురమందిరములో ఉపన్యాసమున్నచో వినివచ్చి రాత్రి భోజనమునకు ఇంటికి చేరవచ్చును.

ఈ నడకదూరమే మన సీమకు ఎట్టి మనుష్యులనిచ్చెనో చూడుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ పట్టణమున 1848లో జన్మించి, 1890లో ప్రజలు కూడి మాటలాడుకొనుటకు పురమందిరమును కట్టించిరి. 1867లో ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చదువుకై ఈ ఊరు చేరి ఇచ్చటనే జీవితమును గడపిరి. 1872లో ఒంగోలు ప్రాంతమున పుట్టిన టంగుటూరి ప్రకాశముగారు, తల్లి పూటకూళ్ళ యిల్లు నడపి పెంచిన బిడ్డ. గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి వెంట వారు రాజమహేంద్రవరము వచ్చిరి. ఇచ్చటనే వకీలై, పురపాలక సంఘమునకు అధ్యక్షులై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయిరి. కళాశాల అధ్యక్షుడైన కూల్డ్రే దొర చిత్రలేఖనమందు అభిరుచి గలవాడు. ఆయన చుట్టుచేరిన కుర్రవాండ్రలో ఈ ఊరివాడైన దామెర్ల రామారావుగారును, భీమవరము వైపునుండి వచ్చిన అడివి బాపిరాజుగారును కలరు. ఒకరు ఊరివారు, ఒకరు పొరుగూరివారు. ఇద్దఱిని కలిపినది ఒక వీథి, ఒక బడి, ఒక నదీతీరము. పల్లెవాడు నిలుచుటకు పట్టణములో చోటు దొరకకపోయినచో ఆ కలయికయే లేదు.

అయితే ఆ చోటు అందఱికిని దొరకినదా? ఇచ్చట మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు ఈ పట్టణమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. వెంటనే వెలి వచ్చెను. వంటవారు రారు, నీళ్ళు మోయువారు రారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చి, వచ్చినవారికి తామే వండి పెట్టిరి. సొంత యింట నున్నవారికే ఇట్టి కష్టము కలిగినపుడు, పొరుగువాని నూతి మీద ఆధారపడిన అద్దెవాని గతి ఏమగును? వాటా యిచ్చుటలో ఉమ్మడి నూయి ఉన్నది. నూతిలో కులమున్నది. కావున ఒక్కొక్క వీథి ఒక్కొక్క కులమునకు కోటవలె ఏర్పడినది. చదువవలెనను కోరికతో వచ్చిన హరిజన బాలునకు కళాశాల దగ్గఱగానే ఉన్నను, ఆ కళాశాలకు నడచిపోగల ఇల్లు మాత్రము దూరమయ్యెను. చిలకమర్తివారు ఆ బాలుర కొఱకు ఈ ఊరిలో పాఠశాలను స్థాపించుటలోని గొప్పతనము ఈ సంగతి తలచుకొన్నపుడు తెలియును.

తలుపు మూయబడుట ఎట్లుండునో మన సీమవారు పరదేశములోను రుచి చూచిరి. కాకినాడ, కోరంగి రేవులనుండి ఓడలెక్కి మనవారు వేలకొలది బర్మాకు పోయిరి. రంగూనును మనవారు రంగమనిరి. అచ్చటివారు మనవారిని కోరంగులనిరి. రేవులో బరువులు మోయుచు, కిక్కిరిసిన అద్దె గదులలో ఒకరి ప్రక్క నొకరు పండుకొని, మిగిల్చిన సొమ్మును ఇంటికి పంపిరి. ఈ గోదావరి గట్టున ఎన్నో పెంకుటిండ్లు ఆ సొమ్ముతో లేచినవే. 1930 మే నెలలో రంగూను రేవు పని విషయమై చెలరేగిన అల్లరులలో మన తెలుగు కూలీలు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా మిగిలినవారిలో అనేకులు ఉన్నదంతయు విడిచి, అడవులబడి నడచి వచ్చిరి. పరాయి ఊరిలో అద్దెకుండువాడు ఎంత నిస్సహాయుడో ఆ కుటుంబములవారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

ఆ నిస్సహాయతను కొంత తగ్గించుటకే చట్టములు వచ్చినవి. 1882నాటి ఆస్తి బదిలీ చట్టము, నెలనెల నడచు అద్దెను ముగింపగోరువారు 15 దినముల ముందు తెలుపవలెననెను. 1908నాటి రిజిస్ట్రేషను చట్టము, ఏడాదికి మించిన కౌలుపత్రము రిజిస్టరు కావలెననెను. మన ఊళ్ళలో అద్దె ఒప్పందములన్నియు 11 నెలలకే ఏల వ్రాయుదురని మీరడుగవచ్చును. ఆ రిజిస్ట్రేషను శ్రమను, ఖర్చును తప్పించుకొనుటకే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పట్టణములలో ఇండ్లకు కొఱత కలుగగా చెన్నపురి ప్రభుత్వము 1941లో అద్దెల నియంత్రణ ఉత్తరువును తెచ్చెను. 1946, 1949 సంవత్సరములలో అది శాసనరూపము దాల్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో మన రాష్ట్రమే వేఱుగా చట్టము చేసినది. అద్దె పుచ్చుకొన్న యజమాని రశీదు ఇయ్యవలెను, నీరు దీపము వంటి వసతులను తెగగొట్టరాదు, అధికారి ఉత్తరువు లేక వెళ్ళగొట్టరాదు అని అందు విధించిరి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము రాష్ట్రములకు ఒక నమూనా చట్టమును ఆమోదించినది. నివాస గృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదనియు, యజమాని లోపలికి రాదలచినచో 24 గంటల ముందు తెలుపవలెననియు అందున్నది. కౌటిల్యుని త్రాసును మఱల సరిచేయుటయే ఇది.

ఇక నేటి ఫ్లాట్ల మాట. అంతస్తు మీద అంతస్తు కట్టి అద్దెకిచ్చుట కలికాలపు వింత కాదు. రెండువేల యేండ్ల క్రిందట రోము నగరమున సామాన్యులు ఐదాఱు అంతస్తుల అద్దె మేడలలోనే నివసించిరి. అవి కూలుచుండగా అగస్టసు చక్రవర్తి సుమారు 70 అడుగులకు మించి కట్టరాదని శాసించెను. మన రాష్ట్రమున 1987లో అపార్ట్‌మెంట్ల చట్టము వచ్చినది. మెట్లు, లిఫ్టు, నీటి తొట్టి మొదలైన ఉమ్మడి భాగములపై అందఱికిని హక్కు, అందఱికిని బాధ్యత అని చెప్పినది. నాటి ఉమ్మడి నూయి నేడు మేడపైని నీటి తొట్టి యయినది. నాటి అరుగు నేడు లిఫ్టు ముందరి నాలుగడుగుల చోటయినది. పెరడు పోయినది, తులసికోట కుండీలోనికి వచ్చినది. ఇది నష్టమే, కాదనను. కాని కొళాయి తిప్పిన నీరు వచ్చుచుండగా, "నా నూతిని నీవు ముట్టరాదు" అను మాటకు ఆధారము తొలగినది. ఇది చిన్న లాభము కాదు.

2022లో జిల్లాలు మాఱగా రాజమహేంద్రవరము తూర్పు గోదావరి జిల్లాకు కేంద్రమయినది. కొలువులకై, చదువులకై, వైద్యమునకై వచ్చువారికి ఇల్లు కావలెను. మీ పిల్లవాడు దేవీచౌకు దగ్గఱనో, దానవాయిపేటలోనో కొంచెము ఎక్కువ అద్దెకు ఫ్లాటు తీసికొన్నచో వెంటనే కోపగింపకుడు. ఊరి చివర చవుకగా దొరకును, నిజమే. అచ్చట మిగిలిన సొమ్ములో ఎంత పెట్రోలునకు పోవునో, ఎన్ని గంటలు దారిలో పోవునో లెక్క వేయుడు. కోడలు ఒక్కతెయే నడచిపోయి మందు తెచ్చుకొనగలదా, మనుమడు బడికి నడవగలడా, మీరు వచ్చినపుడు ఆటో లేకుండ గోదావరికి పోగలరా యని అడుగుడు. ఈ ప్రశ్నలకు "ఔను" అని సమాధానము వచ్చినచో ఆ అద్దె గాలికి పోవుట లేదు.

ఇల్లు చూడబోవునపుడు మీ అనుభవమును వారికి తోడియ్యుడు. 1986 ఆగస్టు వరదలో ఆ వీథికి నీరు వచ్చినదా యని పాత కాపురస్థులను అడుగుడు. పైఅంతస్తయినచో పడమటి యెండ యెంతయో మధ్యాహ్నమున పోయి చూడుడు. లిఫ్టు ఆగినచో మీ మోకాళ్ళు ఎన్ని మెట్లు ఎక్కగలవో తలచుకొనుడు. కరెంటు మీటరు వేఱుగా నున్నదా, వేసవిలో నీరెన్ని గంటలు వచ్చును, మెయింటెనెన్సు ఎవరు చెల్లింపవలెను, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇత్తురు, ఇవి నోటిమాటగా విడువక కాగితముపై వ్రాయింపుడు. చెల్లించిన ప్రతి పైకమునకును రశీదో బ్యాంకు లెక్కయో ఉండవలెను.

చివరకు ఒక్క మాట. మీలో అనేకులు నేడు అద్దెవారికి తండ్రులే కాక, ఇండ్లవారు కూడ. పొలము మీద వచ్చినదానితో రాజమహేంద్రవరములోనో కాకినాడలోనో ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చినవారున్నారు. మీ యింటికి ఎవరైన వచ్చి అడిగినపుడు మీరడుగు మొదటి ప్రశ్న ఏమి? అద్దె సక్రమముగా చెల్లింపగలవా, ఇంటిని శుభ్రముగా ఉంచగలవా యని అడుగుట న్యాయము. "మీరేమిటి?" అని కులమడిగి, ఫలానా వారమనగానే "ఇప్పుడే వేఱొకరికి మాట ఇచ్చినాము" అని తలుపు మూయుట న్యాయము కాదు. మీ మనుమడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఇదే సమయమున ఎవరో తెలియనివారి గుమ్మము ముందు నిలిచియుండవచ్చును. అచ్చట వానికి ఏ ప్రశ్న ఎదురు కావలెనని మీరు కోరుదురో, ఇచ్చట మీరును ఆ ప్రశ్ననే అడుగుడు.

ఇంటి తాళపుచెవి చేతిలో నున్నవాడు ఒక మనుష్యునకు గదిని మాత్రమే ఇచ్చుట లేదు. ఆ గదినుండి నడచిపోగల బడిని, ఆసుపత్రిని, గ్రంథాలయమును, గోదావరిని కూడ ఇచ్చుచున్నాడు. పెద్దలు ఈ సంగతిని తమ యింటివారితో ఒకసారి మాటలాడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.